పొద్దు గూకని లోయ

రెండో పొద్దు నడినెత్తిన ఉంది. మొదటి పొద్దు పడమటి మంచుకొండ వెనక్కి జారి ఐదు గంటలయింది గానీ, జుకినీ మడిలో నీడలు పక్క మారాయే తప్ప వెలుతురు తగ్గలేదు. పోలమ్మ మణికట్టు మీది పూపిలుపు పట్టీ సన్నగా వణికి, ఏడో సాలులో నాలుగో మొక్కకు ఆడపువ్వు విచ్చుకుందని చెప్పింది. ఆమె నడుం పట్టుకుని లేచింది. అసలు ఎప్పుడు కూచుందో గుర్తులేదు.

ఈ లోయలో మంచు పడని రోజులు డెబ్భై. సముద్రం ఊళ్లను మింగాక సిక్కోలు తీరం నుంచి రెండు వందల కుటుంబాలను తెచ్చి ఇక్కడ దించినప్పుడు, డెబ్భై రోజుల్లో ఏం పండుతుందని అందరూ నోరెళ్లబెట్టారు. జుకినీ పండుతుందన్నారు. దోసకాయకు దాయాదిలా ఉండే ఆ కాయ విత్తిన యాభై రోజులకే కోతకొస్తుంది. అయినా తొలి రెండేళ్లూ మంచు ముందే దిగి, కాపు మీదున్న మొక్కలు ఒక్క రాత్రిలో నల్లబడి చచ్చాయి. అందుకని ఈ ఏడు ఆకాశంలో నింగద్దం పరిచారు. అస్తమించిన సూర్యుణ్ణి పట్టి మళ్లీ లోయ మీదకు వంచే పలుచని రేకు అది. రాత్రి లేదు, రాత్రి లేదు కనుక మంచూ లేదు. మొక్కలు రెండింతలు పూశాయి. మనుషులు రెండింతలు అలిసిపోయారు, ఆ సంగతి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

తుమ్మెదలు ఇంత ఎత్తుకి రావు. మగపువ్వు రేకలు ఒలిచి, ఆడపువ్వు నడుమ పుప్పొడి రాసే పని మనిషి వేళ్లదే. వెనకటికి పువ్వులన్నీ తెల్లారగట్లే విచ్చుకునేవి. తెల్లారడమే లేని చోట వాటికి మాత్రం వేళేం తెలుస్తుంది? ఎప్పుడు పడితే అప్పుడు విచ్చి, నాలుగు గంటల్లో వాడిపోతున్నాయి. మూడు పిలుపులకు పోకపోతే సాలు వేరే వాళ్లకు మారుతుంది, సాలుతోపాటు ఇల్లూ పోతుంది. అందుకే కునుకులు తప్ప ఎవరికీ నిద్ర లేదు.

తొమ్మిదో సాలులో తోడికోడలు సన్నెమ్మ కనిపించింది. మొన్న మొక్కల మధ్యనే కూలిపోతే, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించి నిలబెట్టారు. అప్పటినుంచి పడిపోలేదు గానీ మాట తగ్గింది.

"ఏటే, కూడు తిన్నావా?" అని పోలమ్మ అడిగింది.

"తిన్నానో లేదో తెలీదప్పా" అంది సన్నెమ్మ, పువ్వు మీంచి తల ఎత్తకుండా.

పోలమ్మ పువ్వు పని ముగించి నేరుగా మడి గట్టు మీది గాజు గదికి వెళ్లింది. అక్కడ ధాత్రి అనే చిన్నమ్మాయి ఈ మడికి నిర్వాహకురాలు. ఆమె కళ్ల కింద కూడా నల్లటి చారలున్నాయి.

"సన్నెమ్మ నిద్దరోయి మూడు రోజులయినాది. ఒక్క పూట పని ఆపించమ్మా. నేకపోతే ఈ పంట ముగిసేలోగా అది నాకు దక్కదు."

"నా చేతిలో లేదు పోలమ్మగారూ. పని ఎప్పుడు ఆపాలో ఒప్పందంలో మీరే రాయించారు." ధాత్రి తెర ఇటు తిప్పి నెమ్మదిగా చదివింది. "పొద్దు గూకాక కాయ కొయ్యం, చెట్టు ముట్టం. ఆ వేళకి చెట్టు నిద్రపోద్ది." కింద పోలమ్మ పేరుంది.

మూడేళ్ల కిందటి సభ పోలమ్మ కళ్లముందుకొచ్చింది. విశ్రాంతి ఏ వేళకని అధికారులు అడిగితే మగవాళ్లంతా నేల చూపులు చూశారు. ఆమె లేచి, అమ్మమ్మ నేర్పిన మాట గట్టిగా చెప్పింది. ఆడవాళ్లందరూ అవునన్నట్టు తలలూపారు. ఆ రోజంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

"గంటలు పెడితే జరిపీస్తారు, పొద్దుని ఎవుడు జరుపుతాడని అలాగ సెప్పినానమ్మా."

ధాత్రి తెరను మళ్లీ తన వైపు తిప్పుకుంది. "మార్చమని పైకి రాశాను. సీజన్ అయ్యాక చూస్తామన్నారు."

"సీజనయినాక మాకు రేత్రే గదమ్మా."

ఆ అమ్మాయి తల తిప్పుకుని కిటికీలోంచి మడి చివరి గుంజను చూసింది. "ఆ గుంజ మీది పొద్దుకన్నుకు చీకటి కనబడితే పని దానంతటదే ఆగుతుంది. దాని మీద గుడ్డ ఎగిరొచ్చి పడినా నాకిక్కడ తెలియదు" అంది.

పోలమ్మ ఇంటికి పోయి కంబళి తెచ్చింది. నాలుగు మడతలు వేసి పొద్దుకన్నుకు చుట్టి, తాడుతో బిగించింది. పట్టపగలులాంటి వెలుతురులో మడిలో ఉన్న పన్నెండు మంది మణికట్ల మీది పట్టీలు ఒక్కసారే వణికి, సూర్యాస్తమయమైంది, పని ఆపండి అన్నాయి.

ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకామె నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒక్కొక్కరే సాళ్లలోనే కూలబడ్డారు, కూలబడ్డవాళ్లు పక్కకు ఒరిగారు. చేసిన తప్పును తన చేత్తోనే దిద్దుకున్నానన్న సంతోషంతో పోలమ్మ తొమ్మిదో సాలుకు పరుగులాంటి నడకతో వెళ్లింది.

సన్నెమ్మ ఇంకా నడుస్తూనే ఉంది. ఒంగి, రేకలు ఒలిచి, రాసి, పక్క మొక్కకు జరుగుతోంది. ఆమె రాస్తున్నవి పువ్వులు కావు, ఇంకా విచ్చని మొగ్గలు.

"సన్నీ, పొద్దు గూకీసినాది. రా, తొంగుందాం."

"ఊఁ" అంది సన్నెమ్మ. అని ఇంకో మొగ్గ పట్టుకుంది.

పోలమ్మ ఆమెను భుజాలు పట్టి సాలులో పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. సన్నెమ్మ ఎదురు చెప్పలేదు. పోలమ్మ తన అరచేతిలోకి తీసుకున్నా ఆమె వేళ్లు మాత్రం లేని రేకలను ఒలుస్తూనే ఉన్నాయి.

"కళ్లు మూసుకోయే."

"మూసినానప్పా. ఎలుగే కనిపిస్తన్నాది."

పోలమ్మ పైట తీసి ఆమె మొహం మీద కప్పింది. పైట మీంచి కళ్ల మీద రెండు చేతులూ ఆనించి, సందు లేకుండా అదిమి పట్టింది. పోలమ్మకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ ఎలుగేనప్పా" అంది సన్నెమ్మ.