ఒక్కడే తెరిచిన సీసా

శనివారం పొద్దున కాఫీ కంటే ముందు ఆదర్శ్ చేసే పని ఒకటుంది. హాల్లో టీవీ పక్కన నిలబెట్టిన వైన్ బీరువా దగ్గరికి వెళ్లి, అద్దం తలుపు మీద వెలిగే అంకె చూస్తాడు. పదమూడు. బయట మే నెల ఎండకు గచ్చిబౌలి ఉడికిపోతున్నా, కరెంటు పోయినా, ఆ బీరువాలో మాత్రం పదమూడు డిగ్రీలే ఉండాలి. దానికోసమే విడిగా ఒక ఇన్వర్టర్ పెట్టించాడు.

వాళ్లమ్మ పుణ్యవతికి ఆ బీరువా మొదటినుంచీ గిట్టదు. దీన్ని సెల్లారంటారని కొడుకు చెప్పినప్పుడు, సెల్లారంటే కింద కార్లు పెట్టుకునే చోటు కదరా అని ఆవిడ నిజంగానే అయోమయపడింది. భీమవరం నుంచి చుట్టాలొస్తే దానిమీద పాత పట్టుచీర ఒకటి కప్పి, పైన పూలకుండీ పెట్టేది.

అందులో ఇరవై దాకా సీసాలున్నా, ఆదర్శ్ ప్రాణమంతా కింది అరలో పడుకోబెట్టిన రెండింటి మీదే. ఆరేళ్ల కిందట ఆఫీసు పని మీద పారిస్ వెళ్లినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టి, బోర్డో దాకా రైల్లో వెళ్లి, పోయాక్ అనే ఊళ్లో కొన్న ఎర్ర వైన్ అది. 2009 పంట. పదిహేనేళ్లు నిండేదాకా తెరవొద్దని, కార్కు ఎండిపోకుండా పడుకోబెట్టే ఉంచమని అమ్మినాయన చెప్పాడు. ఒకటి స్నేహితులతో, రెండోది పదో పెళ్లిరోజున భార్య రేఖతో అని ఆదర్శ్ అప్పుడే అనుకున్నాడు. రేఖతో ఆ మాట చెప్పాడు కూడా. ఆమె నవ్వి, అప్పటిదాక దానికి ఏం గాకుంటె సరి, అంది.

ఆ సాయంత్రమే మొదటి సీసా తెరవాల్సిన రోజు. ఆదర్శ్‌కు వైన్ రుచి చూసే స్నేహితుల బృందం ఒకటుంది. కొండాపూర్‌లో ఉండే రామ్మోహనరావు దానికి పెద్ద. ఒక కంపెనీలో డైరెక్టరుగా రిటైరైన మనిషి, నెమ్మదస్తుడు. నెలకోసారి ఒక్కొక్కరి ఇంట్లో కలుస్తారు. ఈసారి వంతు ఆదర్శ్‌ది.

ఆరుగురూ వచ్చారు. ఆదర్శ్ ముందురోజే సీసా నిలబెట్టి అడుగున మడ్డి దిగనిచ్చాడు. ఇప్పుడు మెల్లగా గాజు కూజాలోకి వంచాడు. అందరి గ్లాసుల్లో పోశాక, తన గ్లాసు వాసన చూసి, నల్ల ద్రాక్ష, దేవదారు చెక్క, కొంచెం తోలు అని చెప్పాడు. వైన్ కోర్సులో నేర్చుకున్న మాటలే. మిగతావాళ్లు తలలూపారు. ఒకాయన ఆహా అన్నాడు కూడా.

పకోడీల పళ్లెం పెట్టడానికి వచ్చిన రేఖను రామ్మోహనరావు పిలిచి, నువ్వూ ఒకసారి చూడమ్మా అని గ్లాసు చేతికిచ్చాడు. ఆమెకు తాగే అలవాటు లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే తీసేసింది. భర్త వైపు చూసి వెళ్లబోయింది. రామ్మోహనరావు వదల్లేదు. అప్పుడు చెప్పింది, తడిసిన అట్టపెట్టె వాసనొస్తుందని, వానకాలం మూలకు పడేసిన గోనెసంచి లెక్క ఉందని.

రామ్మోహనరావు మళ్లీ వాసన చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి, కార్కు చెడి ఆ వాసన వైన్‌కు పట్టింది ఆదర్శ్, ఈ అమ్మాయి చెప్పిందే నిజం, అన్నాడు. అంతవరకు తలలూపినవాళ్లు ఒక్కొక్కరే గ్లాసులు పక్కన పెట్టారు.

సీసా చెడిపోవడం ఎవరి తప్పూ కాదు. అక్కడితో ఆగి ఉంటే ఆదర్శ్ కూడా మరిచిపోయేవాడేమో. కానీ రామ్మోహనరావు ఉత్సాహంగా ఇంకో రెండు సీసాలు తెప్పించి, ఆ రెండింటినీ ఐదు గ్లాసుల్లో వరస లేకుండా పోసి, ఏయే గ్లాసుల్లో ఒకే వైన్ ఉందో చెప్పమన్నాడు. రేఖ ఒక్కటి కూడా తప్పలేదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ఆయన అడిగితే, ఆమె ఏ మొహమాటం లేకుండా చెప్పింది.

"మా నాయిన కల్లు గీస్తడు సార్. శంకర్‌పల్లి అవతల మా ఊరు. చిన్నప్పుడు చెట్టు మీదికెళ్లి కల్లు లొట్టి దించంగనే నా ముక్కు కాడ పెట్టి, ఇది ఏ చెట్టుదో చెప్పు అనేటోడు. తప్పు చెప్తె బడికి పోనిచ్చేటోడు గాదు."

అందరూ నవ్వారు. మామగారు వ్యవసాయం చేస్తారని ఆ స్నేహితులకు రెండేళ్లుగా చెబుతూ వచ్చిన ఆదర్శ్ మాత్రం నవ్వలేకపోయాడు.

ఆ రోజునుంచి అతని మనసులో ఏదో నలుసు పడింది. పాలు రేపటిదాక ఆగవని రేఖ గిన్నె మూత తీసి అంటే, అది కూడా తనకు తగలాలనే అన్నట్టు వినిపించేది. బృందం వాట్సాప్‌లో అతను రాసిన దానికి ఎవరూ పలికేవారు కాదు. వచ్చే నెల రేఖగారు కూడా వస్తున్నారా అని మాత్రం ముగ్గురు అడిగారు. నాలుగేళ్లు పుస్తకాలు చదివి, వారాంతాలు తరగతుల్లో కూర్చుని, నోటుపుస్తకాలు నింపి తను సంపాదించుకోవాలని చూసింది, ఆమెకు ఊరికే వచ్చేసింది. ఆమె దాన్ని గొప్పగా కూడా అనుకోవడం లేదు. అదే అతన్ని ఎక్కువ కోసింది.

ఒక బుధవారం ఇంటినుంచే పని చేస్తూ, తల్లి గుడికి వెళ్లిన వేళ, రెండో సీసా తీశాడు. పెళ్లిరోజుకు ఇంకా మూడు నెలలుంది. వంటింట్లో నిలబడే కార్కు లాగాడు. తన ముక్కు ఆ రోజు ఎందుకో మోసం చేసింది గానీ, ఒంటరిగా అయితే అన్నీ తెలుస్తాయని అతని నమ్మకం. గ్లాసులో పోసి వాసన చూశాడు. బాగున్నట్టే ఉంది. మళ్లీ చూశాడు. తడి అట్ట వాసన ఉందా, లేదా? ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు. రెండు గ్లాసులు తాగినా, ఆరేళ్లు కాపాడిన ఆ వైన్ మంచిదో చెడ్డదో అతనికి తేలలేదు. చెప్పగల మనిషి సాయంత్రం ఆరింటికి ఇంటికొస్తుంది. ఆమెను అడగడం కంటే మిగిలింది సింకులో పారబోయడమే సులువనిపించింది. పారబోసి, సీసా పాత పేపర్లో చుట్టి కింద చెత్తబుట్టలో పడేసి వచ్చాడు.

మరుసటి వారం రామ్మోహనరావు ఫోన్ చేశాడు. బోర్డో నుంచి వైన్ తయారుచేసే కుటుంబం పెద్దావిడ ఒకరు వస్తోందని, ఆదివారం హైటెక్ సిటీలోని ఒక హోటల్లో పదిమందితో కూర్చుని పాత పంటల రుచి చూపిస్తుందని చెప్పాడు. తమ బృందానికి ఒకే ఒక్క చోటు దొరికింది. అది తనకేనని ఆదర్శ్ అనుకున్నాడు.

"ఏమీ అనుకోకు ఆదర్శ్. అది మీ రేఖకు ఇద్దామని అందరం అనుకున్నాం. నువ్వే చెప్పు అమ్మాయికి."

తర్వాత తన నోటినుంచి వచ్చిన మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆదర్శ్‌కు తెలియదు. రేఖకు రావడం కుదరదండీ, వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, గుండె నొప్పి, ఆసుపత్రిలో ఉన్నారు అన్నాడు. ఆయన అయ్యో అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ సంగతి రేఖకు చెప్పలేదు.

శనివారం పొద్దున రేఖ నాన్న రామన్న ఊరినుంచి బస్సులో దిగాడు. భుజాన తాటికాయల సంచి. కాళ్లు కడుక్కుని బాల్కనీలో కూర్చుని కత్తితో ముంజలు తీసి పుణ్యవతి చేతిలో పెడుతున్నాడు. ఆవిడ పిల్లలా తింటోంది. సరిగ్గా అప్పుడే బెల్లు మోగింది. పండ్ల బుట్టతో రామ్మోహనరావు.

రోగి ఎలా ఉన్నారో కనుక్కుని పోదామని వచ్చానంటూ లోపలికి వచ్చి, బాల్కనీలో మనిషి ఎవరని అడిగాడు. మా నాయిన సార్, అంది రేఖ. ఆయన తెల్లబోయి, అప్పుడే ఆసుపత్రి నుంచి పంపేశారా, గుండె నొప్పి తగ్గిందా అని అడిగాడు.

రామన్న తలెత్తి అల్లుడి ముఖం చూశాడు. తెల్లగా పాలిపోయి ఉంది. చేతిలోని కత్తి కింద పెట్టాడు.

"జర నయమైంది సారూ. మీరు ఫికర్ చేసి వచ్చిన్రు, సంతోషం. కూసోండ్రి, ముంజలు తినుండ్రి."

రామ్మోహనరావు రెండు ముంజలు తిన్నాడు. వెళ్లబోతూ రేఖతో, రేపు హోటల్లో వైన్ రుచి చూడ్డానికి నీకని తీసిన చోటు ఇంకొకరికి ఇవ్వడానికి మనసొప్పలేదమ్మా, అలాగే ఉంచాను, నాన్నగారు కుదుటపడితే ఒక మాట చెప్పు అన్నాడు. ఆ సంగతి అప్పుడే వింటున్నా ఆమె బయటపడలేదు. నమస్కారం పెట్టి తలుపు వేసింది.

పుణ్యవతే ముందు నోరు విప్పింది. ఎదురుగా నిక్షేపంలా కూర్చున్న మనిషికి గుండె నొప్పి అంటగడతావా, నీకు నోరెలా వచ్చిందిరా అంది. ఆదర్శ్ ఏదో సర్దిచెప్పబోయాడు. రేఖ చెయ్యెత్తి ఆపింది.

"నాకు ఆ హోటల్ అక్కర్లేదు ఆదర్శ్. నువ్వు పోతనంటె నేనే పంపుదును. మా నాయినను ఎందుకు మంచాన పడేసినవ్?"

రేఖ వైన్ బీరువా కింది అర వైపు చెయ్యి చూపించింది.

"ఇంకోటి చెప్పనా? పోయిన వారం బుధవారం నేను ఇంట్ల అడుగు పెట్టంగనే తెలిసింది, నువ్వు ఆ సీసా తీసినవని. సింకు కాడ ఇంకా వాసనుండె. మంచిగుండె ఆదర్శ్. చెడిపోలే. నా బతుకుల అసొంటి వాసన నేను చూడలే. ఒక గుక్క నాకోసం దాచినవేమోనని ఫ్రిజ్‌ల వెతికిన. రాత్రి చెప్తవేమో అని చూసిన. మన పదేళ్ల సీసా అది."

ఆదర్శ్ సోఫాలో కూలబడ్డాడు. ఆ వైన్ మంచిదో కాదో అతను తెలుసుకున్నది ఆ క్షణంలోనే. అది తెలిసి కలిగిన బాధ కంటే, పది రోజులుగా ఆమె ఆ మాట కడుపులో పెట్టుకుని తనకు అన్నం వడ్డించిందన్న బాధ పెద్దదైంది. నాకు కుళ్లు పుట్టింది రేఖా అన్నాడు. ఆ మాట పైకి వచ్చాక ఇక ఏడుపు ఆగలేదు.

రామన్న లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అల్లుడా, నువ్వు చెప్పింది మొత్తం అబద్ధం గాదు. నా ఒంట్ల ఒకటి పోయింది. కరోనా వచ్చినప్పుడు వాసన పోయింది, మళ్ల రాలే. నాలుగేండ్లయింది. ఎవ్వరికీ చెప్పలే."

రేఖ విస్తుపోయి చూసింది. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. చెట్టు ఎక్కడం ఆయనే ఎక్కుతాడు, లొట్టి దించడం ఆయనే దించుతాడు. కానీ కల్లు మంచిగుందా పులిసిందా అని చూసేది భార్య బుచ్చమ్మ. మొదట్లో ఆమె కూర మాడిందన్నా ఆయనకు మంట లేచేదట. తనకు లేనిది ఆమెకు ఉందని, అబద్ధమాడుతున్నావని ఒకరోజు కూరగిన్నె విసిరేశాడట. బుచ్చమ్మ గిన్నె ఏరుకొచ్చి, పక్కన కూర్చుని, ఆ రోజునుంచి ఏ వాసన వచ్చినా ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది.

"కుళ్లు అందరికీ పుడతది బిడ్డా. దాన్ని లోపటనే పెట్టుకుంటె పులుస్తది. నువ్వు బయటికి అన్నవు, మంచిదాయె."

ఆదర్శ్ ఫోన్ తీసి అందరి ముందే రామ్మోహనరావుకు చేశాడు. మామగారు ఆసుపత్రిలో లేరని, ఎప్పుడూ వెళ్లలేదని, రేఖకు ఆ చోటు దక్కకూడదనే అబద్ధం చెప్పానని ఒక్కొక్క మాట కూడదీసుకుని చెప్పాడు. అంతా విని ఆయన, రేపు పదకొండింటికి అమ్మాయిని దింపు అని మాత్రం అన్నాడు.

దింపాడు. హోటల్ కింద కారులోనే మూడు గంటలు కూర్చున్నాడు. పైన ఆమె ఏం తాగుతోందో అనుకున్నప్పుడల్లా ఆ పాత నలుసు కదిలింది. లేదని తనకు తాను చెప్పుకోలేదు.

రేఖ కిందికి వచ్చేసరికి ఆమె కళ్లు మెరుస్తున్నాయి. కారెక్కి, 1982 నాటిది కూడా పోసిన్రు, అంది. ఆ ఫ్రెంచి పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు మాట్లాడిందట. అదంతా తర్వాత చెప్తానంది. ముందు నాయినకు చెప్పాలె, అంటూ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. ఆదర్శ్ ఇంజన్ ఆపేశాడు, ముసలాయనకు మాట సరిగ్గా వినపడాలని.

"నాయినా, ముందుగాల నేరేడుపండు వాసనొచ్చింది."

"ఎసొంటిది? పచ్చిదా, మగ్గిందా?"

"మగ్గింది. చెట్టు కింద రాలి, ఒక పూట ఎండినది. దాని కింద పొగాకు. అటెనక తొలివాన పడ్డ ఎర్రమట్టి."

ఆదర్శ్ ఫోన్ వైపు వంగాడు. రామన్న గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"ఆఁ, అందుతున్నది బిడ్డా," అన్నాడాయన. "నిమ్మళంగ చెప్పు. అల్లుడు గూడ వింటున్నడా?"

"వింటున్నాను మామయ్యా," అన్నాడు ఆదర్శ్. కళ్లు తుడుచుకోకుండానే రేఖ వైపు తిరిగి, ఇంకా చెప్పమన్నట్టు తలూపాడు.