ద్రాక్షతోటలో గొర్రెలు

తెల్లవారగానే కోడలు దొడ్డి తలుపు తీసింది. రోజూ ఆ చప్పుడికే ఒకదాన్నొకటి తోసుకుంటూ ద్రాక్ష పందిళ్ల కిందికి పరుగెత్తే గొర్రెలు ఇవాళ కదల్లేదు. కొన్ని చచ్చి పడి ఉన్నాయి. మిగిలినవి తలలు వేలాడేసుకుని నిలబడ్డాయి. చూలుతో ఉన్న పెద్ద గొర్రె కళ్లు పచ్చబడి ఉన్నాయి.

పురుగుమందులు మాన్పించి, పందిళ్ల కింద గడ్డి పెరగనిచ్చి, దాన్ని మేయడానికి గొర్రెల్ని తెచ్చింది ఆమే. అవి తిరిగిన నేల గుల్లబారి, వానపాములతో కళకళలాడింది. జీవితమంతా గడ్డిపోచ కనబడకుండా తోటని అద్దంలా ఉంచుకున్న మామగారికి ఇది గిట్టలేదు. ఆమెకు 'గొర్రెలమ్మ' అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధి చివరిదాకా పాకింది. ఆమె నవ్వి ఊరుకుంది గానీ, ఆయనతో తోట సంగతులు మాట్లాడటం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమెందుకని.

జబ్బుపడిన తల్లి దగ్గర కొన్నాళ్లుండి ఆమె నిన్న రాత్రే తిరిగొచ్చింది. ఇప్పుడు షెడ్డులో చూస్తే, తను అటకెక్కించిన స్ప్రేయరు నేలమీదికి దిగి ఉంది.

వంటింట్లో మామగారు, ఆమె భర్త టీ తాగుతున్నారు.

"మామయ్యా, నేను లేనప్పుడు మందు కొట్టారా?"

"కొట్టానమ్మాయ్. వానలకి ఆకు బూజు పట్టింది. గుత్తుల్లోకి దిగితే పంట చేతికి రాదు."

"గొర్రెలు చచ్చిపోయాయి."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు.

"మీకు గిట్టకపోతే మొహాన చెప్పాల్సింది. నోరులేని జీవాల మీదా మీ కసి?"

"ఏం మాటలవి?" భర్త లేచాడు. "నాన్న అలాంటి మనిషా?"

మామగారు చెప్పులైనా వేసుకోకుండా దొడ్డివైపు నడిచాడు.

పశువుల డాక్టరు వచ్చేసరికి ఇంకొన్ని పోయాయి. ఆయన పెద్ద గొర్రె కనురెప్ప ఎత్తి చూశాడు. నేలమీద ముదురెరుపు మూత్రం చూశాడు. తర్వాత ద్రాక్షాకు ఒకటి తుంచి వెలుగులో తిప్పాడు. దానిమీద నీలపు మరకలు.

"మైలుతుత్తం కొట్టారా?"

"అవునండీ," అన్నాడు మామగారు. "అమ్మాయి సేంద్రియ పద్ధతిలో దానికి అభ్యంతరం లేదట. భోజనాల దగ్గర మావాడితో అంటుంటే విన్నాను. పాత మందులు ముట్టుకోలేదండీ."

"తీగకది మందే. గొర్రెకి విషం. వానకి ఆకుల మీదిది గడ్డి మీదికి కారింది. ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా?"

ఆ సంగతి కోడలికి తెలుసు. తెలుసు కనకే మైలుతుత్తాన్ని తోటలోకి రానివ్వలేదు. ఎందుకు రానివ్వలేదో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తన మాట ఎన్నడూ వినడనుకున్న మనిషి, తను లేనప్పుడు, తన పద్ధతి తప్పకుండానే తోటని కాపాడబోయాడు.

మధ్యాహ్నం తోట చివర మామగారు గొయ్యి తవ్వుతున్నాడు. కొడుకు అడిగినా పార ఇవ్వలేదు. కోడలు గోతిలోకి దిగి తట్టలో మట్టి ఎత్తసాగింది.

"మామయ్యా, పొద్దున నేనన్న మాట..."

"దానికేంలే. చేసింది నేనేగా."

"గొర్రెలకి అది పడదని నాకు తెలుసు. చెప్పినా మీరు వినరనుకున్నాను."

ఆయన పార ఆపాడు. "వినేవాణ్ని కాదేమో," అన్నాడు చివరికి. "అయినా చెప్పాల్సింది తల్లీ."

పొద్దుటినుంచీ ఆమె బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. మట్టిచేత్తోనే ఆయన ఆమె తల నిమిరాడు.

పొద్దువాలేవేళకి పెద్ద గొర్రె కూడా పోయింది, కడుపులో పిల్లతో. చివరిదాకా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మామగారే. దాన్నీ గోతిలోకి దించి, ముగ్గురూ మట్టి కప్పారు.

"మళ్లీ తెస్తావా?" అడిగాడాయన.

"తెలీదు మామయ్యా. ఈ నేల మీద వాటిని మేపాలంటే భయంగా ఉంది."

"అయితే గడ్డి మనమే కోద్దాం. ఎంత ఎత్తున ఉంచాలో చెప్పు. వింటాను."

ఆమె వంగి, పిక్క దగ్గర చెయ్యిపెట్టి చూపించింది. ఆయన పక్కనే వంగి, తన కాలిమీద ఆ ఎత్తు కొలుచుకున్నాడు.