యాంగిల్ దొరకలేదు సర్

జెండాలు పట్టిన మొదటి ఆదివారమే ఆమె నన్ను తిట్టింది.

స్కూలు హాల్లో పిల్లల కరాటే పోటీలు. పైన రేకుల మీద వాన దంచి కొడుతోంది, లోపల ఈల కూడా సరిగా వినబడటం లేదు. మ్యాట్ నాలుగు మూలల్లో నలుగురు కొత్త జడ్జిలం కూర్చున్నాం. ఒక్కొక్కరి చేతుల్లో రెండు జెండాలు, ఎరుపొకటి, నీలమొకటి. ఎవరి దెబ్బ తగిలితే వాళ్ళ రంగు ఎత్తాలి. కనీసం ఇద్దరు ఒకే రంగు ఎత్తితేనే పాయింటు. మ్యాచ్‌లయ్యాక ఎదురు మూల అమ్మాయి సరాసరి నా దగ్గరకొచ్చింది.

"మీ జెండాకి సొంత బుర్ర లేదా?"

"ఏంటండీ?"

"పక్కవాళ్ళది లేచాకే మీది లేస్తోంది. పొద్దున్నుంచీ చూస్తున్నా."

"మీరు చూడాల్సింది మ్యాచ్ కదా? నన్ను చూడటమేంటి?"

ఆమె తడబడింది. "అదీ... ఎదురుగా ఉన్నారు కాబట్టి కనబడ్డారు."

ఆ తడబాటు నా ఖాతాలో లాభం అనుకున్నాను. తిట్టులోని నిజాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

నాది కరాటే సామాన్ల కొట్టు. డ్రెస్సులు, గ్లవ్స్, మ్యాట్లు అమ్ముతాను. రిఫరీనైతే క్లబ్బులన్నీ పరిచయమవుతాయి, నాలుగు ఆర్డర్లు వస్తాయి అనుకుని కోర్సులో చేరాను. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఒకప్పుడు బాగా ఆడిందట, మోకాలు పోయింది. మ్యాట్‌కి దూరంగా ఉండలేక వచ్చింది. అంటే ఇద్దరం ఒకే బ్యాచ్‌లో చేరాం గానీ, ఒకే పని మీద కాదు.

పరీక్ష పాసయినంత మాత్రాన రిఫరీ అయిపోరు. మొదటి మూడు నెలలు టైమ్ చూడటం, స్కోరుబోర్డు నొక్కడం. ఆ తర్వాత మూల కుర్చీ. మధ్యలో నిలబడి ఆట నడిపించే భాగ్యం ఇంకెప్పుడో. కూర్చున్న ప్రతి మ్యాచ్‌నీ లాగ్‌బుక్కులో రాసుకోవాలి, కింద చీఫ్ రిఫరీ సంతకం పెట్టాలి. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయన రిపోర్టు బాగుంటేనే పెద్ద టోర్నమెంటుకు పిలుపు.

ఆ రిపోర్టులో ఒక గడి ఉండేది. మిగతా జడ్జిలతో మన జెండా ఎన్నిసార్లు కలిసింది అని. చూడగానే నాకు కిటుకు తెలిసిపోయింది. అర సెకను ఆగి, ఎక్కువమంది ఎటుంటే అటు ఎత్తితే చాలు. నాకు నూటికి తొంభై అయిదు వచ్చేది. ఆమెకు ఎనభై దాటేది కాదు. చూసింది చూసినట్టు ఎత్తేసేది మరి.

ఆదివారాలు గడిచాయి. మీరు కాస్తా నువ్వయింది. ఆమె ఫ్లాస్కులో టీ తెచ్చేది, మూతలో నాకు పోసి తను ఫ్లాస్కుతోనే తాగేది. వానొస్తే నా స్కూటరు వెనక కూర్చుని డ్రైవింగ్ పాఠాలు చెప్పేది.

"సిగ్నల్ ఇవ్వు."

"రోడ్డు మీద ఎవరూ లేరు."

"నేనున్నాగా వెనక. ఎటు తిప్పుతున్నావో నాకు తెలియొద్దూ?"

ఇంట్లో అక్క ఊరుకునేది కాదు. "ఒరేయ్, కొట్టుకి నలిగిన చొక్కా, ఆదివారానికి ఇస్త్రీ చొక్కా! రిఫరీ పనికి అంత మడత అవసరమా?"

"యూనిఫామ్ అక్కా."

"యూనిఫామే. మరి ఆ సెంటు కూడా రూల్‌బుక్కులో రాశారా?"

ఏడాది తిరిగేసరికి కబురొచ్చింది. జాతీయ పోటీలకు మా బ్యాచ్‌లోంచి ఒక్కరినే తీసుకుంటారు. ఇక పోటీలో మిగిలింది మేమిద్దరమే.

"లిస్టు వచ్చాక నీకో మాట చెప్పాలి," అన్నాను ఆ రోజు టీ తాగుతూ.

"ఇప్పుడే చెప్పు."

"టైమ్ చూసి చెప్పాలి."

"కొట్టు బుద్ధి!" అని నవ్వింది. "మార్కెట్ పెరిగాక అమ్ముతావా?"

ఆమె కళ్ళు అప్పుడు ఎంత ఓపిగ్గా ఎదురుచూశాయో ఇప్పుడు తెలుస్తోంది. ఆ సరుకు నేను చివరిదాకా దాచాను. అలాగే పాడైపోయింది.

తర్వాతి ఆదివారం అమ్మాయిల ఫైనల్. ఎరుపు వైపు అమ్మాయి ఒక్క పాయింటు ముందుంది. ఆఖరి సెకన్లలో నీలం అమ్మాయి గిర్రున తిరిగి కాలు లేపింది. పాదం సరిగ్గా ఎదుటి అమ్మాయి చెవి పక్కన తాకింది. నేను చూశాను. నా మూల నుంచి అద్దంలో కనబడినట్టు కనబడింది. ఆమె నీలం జెండా అప్పటికే గాల్లో ఉంది. నాది కూడా లేస్తే ఇద్దరమవుతాం, తలకి తగిలిన కిక్కుకి మూడు పాయింట్లు, నీలం గెలుస్తుంది.

అలవాటు చొప్పున అర సెకను ఆగాను. మిగతా ఇద్దరు సీనియర్లవీ లేవలేదు. నాదీ లేవలేదు.

బజర్ మోగింది. నీలం అమ్మాయి మా నాలుగు మూలలకేసీ ఒక్కసారి చూసి తలదించుకుంది.

పోటీలయ్యాక పెద్దాయన మమ్మల్ని మ్యాట్ మీదే కూర్చోబెట్టారు.

"ఫలితం ఇక మారదు. కానీ నాకు తెలియాలి. లేని కిక్కుకి ఈ అమ్మాయి జెండా ఎత్తిందా? అలాగైతే కొత్త జడ్జికి అది పెద్ద తప్పు. ఆ కిక్కు ఇంకెవరికైనా కనబడిందా?"

సీనియర్లిద్దరూ లేదని అడ్డంగా తలూపారు. వాళ్ళకు నిజంగానే ఆటగత్తెల వీపులు అడ్డు. పెద్దాయన నా వైపు తిరిగారు. ఆమె కూడా తిరిగింది. ఆమె మొహంలో భయం లేదు. నేను ఉన్నానన్న ధీమా ఉంది.

చూశానంటే, చూసీ ఎందుకు ఎత్తలేదని అడుగుతారు. నా తొంభై అయిదు పోతుంది, లిస్టులో పేరు పోతుంది. లెక్క క్షణంలో తేలిపోయింది.

"యాంగిల్ దొరకలేదు సర్," అన్నాను.

మా పనిలో దీనికన్నా మర్యాదైన అబద్ధం లేదు. పెద్దాయన ఏదో రాసుకున్నారు. ఆమె ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. వాన పడుతోంది. స్కూటరు దగ్గర నిలబడి చాలాసేపు ఎదురుచూశాను. ఆమె నడిచి వెళ్ళిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు.

జాతీయ పోటీలకు నన్నే పిలిచారు. కొత్త బ్లేజర్ వేసుకుని వెళ్ళాను. మూడు రోజులు మూల కుర్చీలో కూర్చున్నాను. ప్రతి మ్యాచ్‌లోనూ జెండా ఎత్తేముందు ఆ నీలం అమ్మాయి దించుకున్న తలే కనబడింది. తిరిగొచ్చాక పెద్దాయన దగ్గరకెళ్ళి జరిగింది చెప్పేశాను. ఆయన నా లాగ్‌బుక్కు తీసుకున్నారు.

"మళ్ళీ స్కోరుబోర్డు నుంచి మొదలుపెట్టు," అన్నారు. "ఆమె రిపోర్టు సరిదిద్దుతాను. కానీ ఆమె రావడం మానేసి రెండు నెలలైంది."

మర్నాడు డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకున్నాను.

కారులో నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. "బెల్టు పెట్టుకోండి," అంది. మళ్ళీ మీరులోకి వెళ్ళడం ఎక్కడో గుచ్చుకుంది.

"నీతో మాట్లాడాలని..."

"ముందు క్లచ్ తొక్కండి. ఇక్కడ నేర్పేది అదే."

కారు కుదుపులతో కదిలింది. "ఆ కిక్కు నేను చూశాను," అన్నాను.

"తెలుసు. లెఫ్ట్ తీసుకోండి."

"పెద్దాయనకి చెప్పేశాను."

"నిన్న ఫోన్ చేశారు. రైట్. అద్దం చూసుకోండి."

"నిన్ను పోగొట్టుకుంటానని ఆ రోజు లెక్కేసుకోలేదు. లిస్టు వచ్చాక చెప్తానన్నానే, ఆ మాట..."

"వద్దు." స్టీరింగ్ తనే పట్టుకుని కారుని సరిచేసింది. "ఆ రోజు టీ తాగుతూ చెప్పి ఉంటే, రాత్రంతా నిద్ర పట్టేది కాదు నాకు. ఇప్పుడు చెప్తే పడుతుంది. తేడా అర్థమైందా? స్ట్రెయిట్‌గా పోనివ్వండి."

ఇంకో రెండు మలుపులు తిప్పించి, ఒక పాత అపార్టుమెంటు ముందు తన వైపున్న బ్రేకు తొక్కింది.

"దిగండి."

"క్లాసు ఇంకా అరగంట ఉంది."

"మూడో అంతస్తు, ఎడమవైపు తలుపు. నీలం వైపు ఆడిన అమ్మాయి వాళ్ళిల్లు. ప్రాక్టీసు మానేసింది. నాకు సారీ చెప్పడానికి కారు నేర్చుకునేదాకా వచ్చారు. ఆ పిల్ల మాత్రం గుర్తు రాలేదు కదా?"

ఆ దించుకున్న తల గుర్తొచ్చింది, రాత్రుళ్ళు కూడా గుర్తొచ్చింది. కానీ ఆ తలకి ఒక ఇల్లుంటుందని, వెళ్ళి తలుపు కొట్టొచ్చని తోచలేదు.

"నువ్వుంటావా?"

"ఉండను. నాలుగింటికి ఇంకో స్టూడెంట్ ఉన్నాడు."

మెట్లెక్కాను. తలుపు తీసింది ఆ అమ్మాయే. చేతిలో లెక్కల పుస్తకం. నేనెవరో చెప్పాను, చూసిందేమిటో చెప్పాను. పుస్తకం మూసింది.

"అంటే నా కిక్కు తగిలిందా?"

"తగిలింది. శుభ్రంగా తగిలింది."

"నాకు తగిలిందనే అనిపించింది. కానీ ముగ్గురు ఎత్తలేదు కదా, నేనే తప్పనుకున్నా." కళ్ళు తుడుచుకుంది. "చూసి కూడా ఎందుకు ఎత్తలేదు అంకుల్?"

"లెక్క వేసుకున్నానమ్మా."

"ఏం లెక్క?"

"నువ్వు లేని లెక్క."

లోపల్నుంచి వాళ్ళమ్మ ఎవరని అడుగుతోంది. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, గొంతు పెంచి, "అమ్మా, నాది పాయింటేనంట!" అని అరిచింది.

కిందికి వచ్చేసరికి కారు లేదు. ఉండనని చెప్పింది, ఉండలేదు. చినుకులు మొదలయ్యాయి. పక్కన ఎవరూ లేరు గనక ఎటు తిరగాలో నేనే చూసుకుంటూ ఇంటికి నడిచాను.