నాయన విన్న సీరియల్

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో నలుగురున్నారు. లోపలి గదిలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నాయన నాగన్న. ఆయన వెనక రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుపోగు చుడుతున్న అమ్మ లక్ష్మీదేవి. వసారాలో వక్కాకు దంచుకుంటున్న అవ్వ హనుమంతమ్మ. రెండు గదుల మధ్య గడప మీద, గోనెసంచి పరుచుకుని చంద్రిక. ముందు గదిలోని టీవీలో పదిన్నరకు ‘మూడో ముద్ర’ మొదలైంది.

రెండేళ్లుగా వస్తున్న ఆ గూఢచారుల సీరియల్‌ను నాగన్న ఒక్కసారి కూడా చూడలేదు. వింటాడు. పట్టుచీర నేసేవాడు తల తిప్పితే అంచు చెడుతుంది. అందుకే మాటలు టీవీ చెప్పేది, బొమ్మ చంద్రిక చెప్పేది. ఎవరు తలుపు తీశారు, ఎవరి చేతిలో ఏముంది, ఎవరి ముఖం పాలిపోయింది, అన్నీ. కాలేజీలో హాజరు పలకడానికి కూడా గొంతు పెగలని పిల్ల ఆ గంటసేపు ఆగకుండా మాట్లాడేది. వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేది. ఆ గూఢచారుల్లోనే దాగిన ద్రోహి ఎవరై ఉంటారో ఊహించి డైరీలో రాసుకునేది.

ఆ పేర్లలో విశ్వం సార్ పేరు ఎప్పుడూ లేదు. గూఢచారులందరికీ పెద్ద ఆయన. నాగన్నకు ప్రాణం. “ఆ మనిషి గొంతు వింటే చాలు పాపా, ధైర్యమొస్తాది” అనేవాడు.

నాలుగు వారాల కిందట ఆ ద్రోహి ఎవరో బయటపడింది. మాటలేమీ లేవు. వానలో కారు, కిందికి దిగిన అద్దం, కవరు అందించిన చెయ్యి, తర్వాత ముఖం. విశ్వం సార్.

చంద్రికకు రెండేళ్లు నమ్మించి ఇట్లా చేస్తారా అని ఏడుపొచ్చింది.

“ఎవరు పాపా? తొందరగా చెప్పు!” పోగుతో అటూ ఇటూ విసిరే నాడె ఆపకుండానే అడిగాడు నాగన్న.

“డ్రైవరు దాసు.”

“వింటివా లక్ష్మీ! వాని నవ్వు విన్నప్పుడే అంటిని, వాడు మంచోడు కాదని!”

ఆ తర్వాత ప్రతి వారం ఆమె ఆ అబద్ధాన్ని కాపాడుకోవలసి వచ్చింది. విశ్వం సార్ నోరు తెరిచేలోపే సౌండు తగ్గించేది. “ఎందుకే తగ్గిస్తాండావు?” అని అమ్మ అడిగితే తలనొప్పి అనేది. ఆ సీరియల్ పాట వింటేనే ఆమెకిప్పుడు కంపరం. అయినా నాయన కోసం వేరే కథ అల్లి చెప్పేది.

ఈ నెలంతా పెళ్లిచీర తొందరలో వీధి మొహం చూడని నాగన్న, ఈవేళ ప్రకటనలు రాగానే టీకి బయటికి పోయాడు. కాసేపటికే తిరిగొచ్చాడు. వెనకే పక్కింటి ఓబులేసు, నవ్వు ఆపుకోలేక.

“ఏం పాపా, మీ నాయనకు యా సీరియల్ చెప్తాండావు? విశ్వం సార్‌ను దొంగ అన్నందుకు టీ అంగట్లో నా చొక్కా పట్టుకున్నాడు! ఆడుండేటోళ్లంతా పొట్టలు పట్టుకుని నవ్విరి.”

“నవ్వింది చాల్లే, పోయి నీ మగ్గం చూసుకోపో” అని అవ్వ కసిరింది.

ఓబులేసు వెళ్లాక నాగన్న చంద్రిక ముందు నిలబడ్డాడు.

“వాడు ఫోన్‌లో చూపించినాడు. చూసినంక కూడా, నా బిడ్డ చూసి చెప్పింది, నీ ఫోనే అబద్ధం అంటిని పాపా.”

“ఆయనంటే నీకిష్టం కదా నాయనా... బాధపడతావని...”

“పడ్తాంటి. ఒకపూట బాధపడి మర్చిపోతాంటి.”

“పోనీలేబ్బా” అంది అమ్మ. “టీవీ బొమ్మలకు ఇంత రచ్చ యాల?”

“టీవీ కాదు లక్ష్మీ. పొద్దు గూకితే పచ్చ పోగేదో నీలి పోగేదో నాకు తెలీదు. ఈ పిల్లనే అడిగి నేస్తాండా. ఇంక యా మాట నమ్మల్ల నేను?”

చంద్రిక లేచి తలెత్తింది. విశ్వం సార్ ముఖం కనబడినప్పుడు తన గుండె ఎట్లా జారిందో, నాయన కళ్లలో ఇప్పుడు అదే ఉంది. తనను మోసం చేసింది ఒక సీరియల్. ఆయనను చేసింది కన్నకూతురు.

“ఇంక ఉన్నదున్నట్టే చెప్తా నాయనా. ఇప్పుడే చెప్తా. ఇదో, విశ్వం సార్‌ను పట్టుకున్నారు. బేడీలు తెచ్చినారు. ఆయన తల దించుకున్నాడు...” ఏడుస్తూనే, టీవీ వైపు చూస్తూనే చెప్పసాగింది.

నాగన్న వంగి గడప మీది గోనెసంచి తీసి, దులిపి, ఆమె చేతికిచ్చాడు.

“ముందర గదిలో కూసో పాపా” అని గడప దాటి మగ్గం గదిలోకి పోయాడు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు భయం వేసింది.

“ఆయన చేతులు ముందుకు చాపినాడు నాయనా. బేడీలు వేస్తాండారు...”

రెండు గదుల మధ్య ఎన్నడూ మూయని తలుపు నేలను గీరుకుంటూ కదిలింది. చంద్రిక చెబుతూ ఉండగానే ఆమె ముఖం మీద మూసుకుంది.