పాట సన్నగిల్లిన చోట

అమెరికాలో, మా దక్షిణ మెంఫిస్‌లో ఓ పాత సినిమా హాలుంది. అరవైల్లో దాన్ని రికార్డింగ్ స్టూడియో చేశారు, తర్వాత మూసేశారు. పొద్దుగూకాక ఆ పక్కకి ఎవరూ పోరు. ఒళ్ళు తెలియకుండా తాగినవాడు కూడా అక్కడికొచ్చేసరికి బుద్ధిగా రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాడు.

లోపల ఓరా బ్లెవిన్స్ ఉందంటారు...

ఓరా ఎవరో మావాళ్ళకి చెప్పక్కర్లేదు. మా నల్లవాళ్ళ సోల్ పాట అంటే ఆవిడే. పెళ్ళికైనా చావుకైనా ఆవిడ ఆఖరి పాట పడాల్సిందే. ఆ రికార్డు చివర పాట సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగిపోయే చోట — చెవి ఆనించి వింటే — ఓ గొంతు వినిపిస్తుంది. "తలుపు తియ్యి..."

అది దెయ్యం గొంతని చెప్పి మూడు తరాల పిల్లలకి అన్నం తినిపించాం.

ఓరా కూతురు డెల్ఫీన్ మాత్రం ఆ పాట రాగానే రేడియో కట్టేసేది. ఆమెకి ఆరేళ్ళప్పుడు తల్లి ఒక రాత్రి డెట్రాయిట్ బస్సెక్కి వెళ్ళిపోయింది. మూడేళ్ళకి అక్కడే ఓ అద్దె గదిలో, పక్కన ఖాళీ మాత్రల సీసాతో, చనిపోయి కనిపించింది. "నీ మొహం చూడలేకే పోయింది" అనేవాడు తండ్రి రాయ్‌స్టన్. ఓరాకి భర్తా అతనే, మేనేజరూ అతనే, చెయ్యి చేసుకునేదీ అతనే. అలాంటివాడి మాట నమ్మకూడదని తెలిసినా, అరవయ్యో పడిలో పడుతున్న డెల్ఫీన్‌కి ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సోమవారం ఆ హాలు పడగొడతారని తెలిసింది. శనివారం చీకటి పడేవేళకి ఆమె ఆ గుమ్మంలో నిలబడింది. పక్కన డీకన్ డూగన్. ఆయన వాళ్ళ చర్చి పెద్ద, కుర్రతనంలో ఇక్కడ టేపు తిప్పినవాడు. తాళాలు ఇప్పటికీ ఆయన దగ్గరే.

"దెయ్యమూ లేదు, నా మొహమూ లేదు తల్లీ," అన్నాడాయన గుసగుసగా. "రికార్డులో పాటని మెల్లగా తగ్గించేస్తాం. టేపు మీద అది ఆగదుగా... నడుస్తూనే ఉంటుంది. నేను తగ్గించడం రెండు క్షణాలు ఆలస్యమైంది — ఆ మాట రికార్డులో పడిపోయింది."

"మరి ఊరంతా దెయ్యం దెయ్యం అంటుంటే నోట్లో బెల్లం పెట్టుకున్నారా డీకన్ గారూ?"

"నిజం చెప్పాలంటే, మీ నాన్న ఆవిణ్ని గదిలో పెట్టి గడియ వేశాడని చెప్పాలి. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. ఆయనంటే హడల్."

"ఆ తర్వాత ఏమంది అమ్మ?"

"వినలేదమ్మా. ధైర్యం చాల్లేదు. ఆ టేపు ఇంకా లోపలే ఉంది."

"వెళ్ళిపోయేముందు నన్ను తలుచుకుందో లేదో... నాకదొక్కటి తెలిస్తే చాలు."

కరెంటు ఇంకా తియ్యలేదు గానీ, స్పీకర్లు ఎప్పుడో అమ్మేశారు. మిగిలినవి పాడే గదిలోని హెడ్‌ఫోన్లే. పాడే గదంటే బీరువా కన్నా కాస్త పెద్దది. తలుపు మూస్తే బయట గడియ దానంతటదే పడుతుంది. లోపలివైపు పిడి లేదు. పాట కుదిరేదాకా ఓరా బయటికి రాకుండా రాయ్‌స్టన్ ఊడబీకించాడు. డీకన్ తలుపుకి ఇటుక అడ్డం పెట్టి, టేపు వెయ్యడానికి అవతలి గదికి వెళ్ళాడు.

పాట మొదలైంది.

అమ్మ గొంతు... ఇన్నేళ్ళు కాదనుకున్న గొంతు. డెల్ఫీన్‌కి ఏడుపాగలేదు.

సన్నగిల్లాల్సిన చోట పాట సన్నగిల్లలేదు. వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగాయి. కుర్చీలు జరిగాయి. "పోయి చేపల వేపుడు తినేసి రండ్రా," అని తండ్రి గొంతు. ఆ వెంటనే గడియ పడిన చప్పుడు.

"తలుపు తియ్యి... రాయ్‌స్టన్..."

అడుగులు దూరమయ్యాయి.

సరిగ్గా అప్పుడే — వెనక ఇటుక జారింది. తలుపు మూసుకుంది. టక్!

డెల్ఫీన్ తోసింది. కదల్లేదు. గాజు పలకలోంచి చూసింది. అవతలి గదిలో డీకన్ లేడు... టేపు ఒక్కటే తిరుగుతోంది. గొంతు చించుకుని అరిచింది. దూది కూరిన గోడలు ఆ అరుపుని మింగేశాయి. చెవుల్లో తల్లి తలుపు బాదుతోంది, ఇక్కడ కూతురు బాదుతోంది.

"డెల్ఫీ! అక్కడున్నావా? గడియ తియ్యమ్మా..."

డెల్ఫీన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఎక్కడో దూరంగా, సన్నగా, ఓ పిల్ల గొంతు. "ఎర్ర లైటు వెలుగుతోందమ్మా..."

పాటలవాళ్ళ పిల్లలకి అన్నిటికన్నా ముందు నేర్పేది అదే. ఎర్ర లైటు వెలుగుతుంటే లోపల రికార్డింగ్ నడుస్తోందని, తలుపు ముట్టుకోకూడదు, కొంప తగలబడుతున్నా సరే. రాయ్‌స్టన్ పోతూ పోతూ దాన్ని వెలిగించే పోయాడు.

"ఫర్వాలేదు. తియ్యి బంగారం."

"అమ్మో, తియ్యకూడదు! నువ్వే చెప్పావుగా?"

ఓరా నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

"అవును, నేనే చెప్పాను. నా తల్లే... ఎంత బుద్ధిమంతురాలివే! తియ్యకులే. అక్కడే కూర్చో, నీకు వినబడేలా పాడతా."

పాడింది కూడా. నాలుగు మాటలైనా కాకముందే టేపు ఆగిపోయింది. దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

డెల్ఫీన్ నేల మీద కూలబడింది. అమ్మకి తన మీద కోపం లేదు, ఉన్నదంతా ప్రేమే. కానీ ఆ గడియ పక్కనే నిలబడి తియ్యనిది తనే. ఊపిరాడటం లేదు. హెడ్‌ఫోన్లు లాగేసింది.

తలుపు అవతల... ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"తియ్యనా?"

 అది టేపు కాదు. టేపు ఆగిపోయింది. పళ్ళూడిన సందులోంచి వచ్చే ఆ మాట ఆమెకి తెలుసు, అది ఆరేళ్ళనాటి తన గొంతే. పారిపోదామంటే దారేదీ?

అరచెయ్యి తలుపుకి ఆనించింది.

"లైటు ఆరిపోయింది బంగారం," అంది. "ఇంక తియ్యొచ్చు."

గడియ లేచింది.

నడవా చివర టార్చి వెలుగు. డీకన్ కుంటుకుంటూ, రొప్పుతూ వస్తున్నాడు. "క్షమించు తల్లీ, నువ్వు ఏడుస్తుంటే చూడలేక బయటికొచ్చేశా. ఇంతలో ఫ్యూజు పోతే కిందికి దిగా... అయ్యో, తలుపు మూసుకుపోయిందా! మరి ఎవరు తీశారు?"

డెల్ఫీన్ ఆయన వైపు చూడనేలేదు. ఆమె కుడిచెయ్యి పక్కకి, కిందికి చాచి ఉంది. వేళ్ళు దేన్నో పట్టుకుని మూసుకున్నాయి.

"పద, ఇంటికెళ్దాం," అంది.

ఆయనతో కాదు.