తెరకు ఇరువైపులా అరనిమిషం

1898వ సంవత్సరం ఆగస్టు పదహారు, మంగళవారం, ఉదయం పది గంటలు. స్థలం: రాజమహేంద్రవరానికి దిగువన, కాలువ లాకుల పక్కనున్న మిషను ఆసుపత్రిలో ఆడవారి వార్డు వసారా. హాజరైనవారు: డాక్టరు వార్నరు దొరసాని గారు, విచారణ రాయడానికి చర్చి ఉపదేశి చిట్టియ్య, మెడికల్ అసిస్టెంటు ఆశీర్వాదం, ఆడవారి వార్డు సహాయకురాలు సంపూర్ణమ్మ, రోగి ఉప్పాడ లోవమ్మ, పిలవకుండా వచ్చి కూర్చున్న ఆమె భర్త గంగయ్య. విచారించవలసిన అంశం: ఈ నెల ఆరు మొదలు పద్నాలుగు వరకు వార్డులోని పన్నెండుగురు ఆడవారికీ నాడి నూరు దాటి కొట్టుకోవడానికి కారణమేమి?

ఇంతవరకు గుండ్రటి అక్షరాలతో రాసి, చిట్టియ్య గారు కలం సిరాలో ముంచి, తరువాతి మాట కోసం దొరసాని ముఖంలోకి చూశారు. సంపూర్ణమ్మ ఆయన కూతురు. కూతురి పేరును తన చేత్తోనే విచారణ కాగితం మీదికి ఎక్కించడం ఆయనకు మింగుడుపడలేదు. అయినా పొల్లు కూడా తప్పకుండా రాశారు.

ఆశీర్వాదం మాత్రం నిలుచున్నచోట నిలవలేకపోతున్నాడు. ఒకసారి కాలువ మీద పడుతున్న వాన వైపు చూశాడు, ఒకసారి బల్ల మీది రిజిస్టరు వైపు చూశాడు. చూడకూడదనుకుంటూనే, గుమ్మానికి కట్టిన తెర వైపు చూశాడు. తెర వెనుక సంపూర్ణమ్మ ఉంది.

ఆ ఆసుపత్రి పనితీరు తెలియనివారికి ఇక్కడ కొంత చెప్పాలి. ఆడవారి వార్డులో మగవాడు అడుగుపెట్టకూడదు. కేసు రిజిస్టరు ఇంగ్లీషులోనే ఉండాలి. ఇంగ్లీషు వచ్చినది ఆశీర్వాదానికి. అడుగుపెట్టే వీలున్నది సంపూర్ణమ్మకు. అందుచేత మందపాటి తెరకు ఇవతల బల్ల వేసుకొని అతను ప్రశ్న అడిగేవాడు, అవతల మంచం పక్కన నిలబడి ఆమె జవాబు రాబట్టేది.

"జ్వరం ఎన్నాళ్లనుంచి?"

"మొన్న అమావాస్య నుంచిటండీ."

"ఆకలి?"

"అస్సలు లేదంటున్నారండీ. కొంగున జంతికలు మాత్రం కట్టుకున్నారు."

అతను ఆకలి గడిలో "సందేహం" అని ఇంగ్లీషులో రాసుకునేవాడు.

థర్మామీటరు ఆమె చదివి చెప్పేది. చిక్కల్లా నాడి దగ్గరే. సెకన్ల ముల్లున్న గడియారాలు ఒకప్పుడు ఆసుపత్రికి రెండుండేవి. ఒకటి పడవ దిగుతూ ఎవరో కాలువలో పడేశాక, మిగిలినదాన్ని గొలుసుతో ఆశీర్వాదం బల్లకు కట్టేశారు. కాబట్టి అతను ముల్లు చూసి "ఊఁ" అనాలి. అవతల ఆమె రోగి మణికట్టు పట్టుకొని లెక్కపెట్టడం మొదలుపెట్టాలి. అరనిమిషం కాగానే అతను "చాలు" అనాలి. ఆమె చెప్పిన లెక్కను అతను రెట్టింపు చేసి రాయాలి.

పన్నెండు మంచాలు, రెండు పూటలు. రోజుకు ఇరవై నాలుగు అరనిమిషాల చొప్పున పద్నాలుగు నెలలు ఇలా గడిచాయి. ఆ అరనిమిషంలో ఇద్దరూ నోరెత్తకూడదు. మాట్లాడకూడదన్న షరతు మీద ఇద్దరు వయసు మనుషుల్ని అన్నిసార్లు కలిపి కూర్చోబెడితే ఏమవుతుందో, మిషను నిబంధనలు రాసిన పెద్దలు ఆలోచించినట్టు లేదు.

అరనిమిషాల మధ్య మాత్రం మాటలు దొర్లేవి.

"ఇవాళ మీ ఊఁకి జలుబు చేసిందండీ," అనేది సంపూర్ణమ్మ.

"ఊఁకి జలుబేంటండీ?"

"ముక్కుతో అన్నారు. కషాయం పంపించనా?"

"నేను రోగిని కానండీ. రిజిస్టరులో నా పేరు లేదు."

"రాసుకోండి. పదమూడో మంచం."

మంచాల మీది ఆడవాళ్లు కిసుక్కున నవ్వేవారు. ఆశీర్వాదం నవ్వాపుకొని, ముల్లు మళ్లీ పన్నెండు మీదికి వచ్చేదాకా కాచుకునేవాడు.

ఆగస్టు ఆరో తేదీన మద్రాసు నుంచి జాబు వచ్చింది. కొత్త గడియారం పార్సెలు బయలుదేరిందట. అది సంపూర్ణమ్మకు. రిజిస్టరుకు సరిపడా ఇంగ్లీషు ఆమె ఈ ఏడాదిలో దొరసాని దగ్గర నేర్చేసుకుంది. ఇకమీదట తన నాడులు తనే చూసుకుంటుంది, తనే రాసుకుంటుంది. ఆశీర్వాదాన్ని కోరుకొండలో తెరవబోయే డిస్పెన్సరీకి ఇన్‌ఛార్జిగా పంపుతారు. అది ప్రమోషనే. విన్నవాళ్లందరూ అతన్ని అభినందించారు. అతను ఆ రోజు సిరాబుడ్డి రెండుసార్లు ఒలకబోశాడు.

మర్నాటినుంచి ప్రతి పూటా, మొదటి నాడికి ముందు, తెర వెనుకనుంచి ఒకే ప్రశ్న వచ్చేది.

"గడియారం వచ్చిందాండీ?"

"రాలేదండీ."

నన్ను సాగనంపడానికి ఎంత తొందరో అనుకునేవాడు ఆశీర్వాదం. అనుకొని ఊఁ అనేవాడు. తరువాత ఆ ప్రశ్నలోని స్వరాన్ని మనసులో అటు తిప్పి ఇటు తిప్పి చూసుకునేవాడు. ఇంతలో తెర మీద గాజుల చెయ్యి నీడ కదిలేది. ఎప్పుడో "చాలు" అనేవాడు. ముల్లు అప్పుడు ఎక్కడుండేదో అతనికి తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

నాడులు మాత్రం నూరు దాటాయి. వార్నరు దొరసాని హడలిపోయింది. బావినీళ్లు కాచించింది, పన్నెండుగురికీ గంజి తప్ప మరేమీ పెట్టవద్దంది, ఇంటికి వెళ్లవలసిన లోవమ్మను వెళ్లనివ్వలేదు. కొత్తరకం జ్వరమేదో పుట్టిందని జిల్లా సర్జనుకు జాబు కూడా రాసి పెట్టుకుంది. నిన్న సాయంత్రం మరొకసారి నిశ్చయం చేసుకుందామని తన సొంత గడియారంతో తానే అందరి నాడులూ చూసింది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

అదీ ఈ విచారణకు కారణం.

దొరసాని మున్షీ దగ్గర వ్యాకరణం చదివి తెలుగు నేర్చుకున్నది. "బల్లకు కట్టిన గడియారము నేటి ఉదయము తంతి కచేరీలో సరిచూడబడినది. దానియందు దోషము లేదు. కావున దోషము మనుష్యులది," అంది.

"దోసం ఎవరిదైతేనేటండీ, నా ఆడమనిషిని పంపించండమ్మా," అన్నాడు గంగయ్య. "పది రోజులనుంచి గంజి పోత్తన్నారంట. అది గంజితో ఊరుకునే మనిషి కాదండీ. అక్కడ వలలన్నీ చిరిగి కూకున్నాయి."

తెర వెనుకనుంచి లోవమ్మ గొంతు ఖంగుమంది. "నీకు చేతుల్లేవా? కుట్టుకో!"

"చూశారా అండీ? దీనికి జబ్బేంటండీ?"

దొరసాని చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "సంపూర్ణమ్మా, నీ లెక్కయందు..."

"నా లెక్కే తప్పండీ," అంది సంపూర్ణమ్మ, ప్రశ్న పూర్తికాకముందే.

ఆశీర్వాదం ఉలిక్కిపడ్డాడు. "కాదండీ! ఆమె లెక్క ఎప్పుడూ తప్పదండీ. తప్పు నాదై ఉంటుంది."

"మీరూరుకోండి."

"మీరూరుకోండి."

చిట్టియ్య గారు తలెత్తారు. "ఎవరూరుకున్నట్టు రాయమంటారండీ?"

వాదనతో తేలేది కాదని దొరసాని పరీక్ష పెట్టింది. లోవమ్మ మంచం తెర పక్కకు జరిపించింది. తాను తన గడియారం పట్టుకొని ఆశీర్వాదం వెనుక నిలబడింది. అతను ఊపిరి బిగబట్టి ముల్లు తప్ప మరొకటి చూడకుండా "ఊఁ" అన్నాడు. సరిగ్గా ముప్పై సెకన్లకు "చాలు" అన్నాడు.

"ముప్పై ఎనిమిదండీ," అంది సంపూర్ణమ్మ. రెట్టింపు చేస్తే డెబ్బై ఆరు. ఏ లోపమూ లేదు.

"ఆశీర్వాదము కాలమును సరిగా చెప్పుచున్నాడు," అంది దొరసాని. "లెక్క తనదే తప్పని సంపూర్ణమ్మ స్వయముగా ఒప్పుకొనినది. రేపటినుండి ఆమె నాడి పని మాని, పట్టీలు ఉతుకు పని చూడవలెను. చిట్టియ్యగారూ, వ్రాయుడు."

చిట్టియ్య గారి కలం కాగితానికి జానెడు ఎత్తున ఆగిపోయింది.

ఆశీర్వాదం ఆ కలం వైపు చూశాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే కోరుకొండ ఇన్‌ఛార్జి పని తన చేతిలోనే ఉంటుంది. ఒక్క మాట అంటే అది పోవచ్చు. తెర వెనుక గాజుల చప్పుడు లేదు. అంత కదలకుండా ఆమె ఎప్పుడూ లేదు.

"రాయకండి," అన్నాడు. "దొరసాని గారూ, మీరు వెనకాల నిలబడితే నా ముప్పై సెకన్లు ముప్పైయేనండీ. రోజూ అలా ఉండవు. నేను... నా ధ్యాస నిలవడం లేదండీ. ఆరో తారీఖు నుంచి."

"సాక్ష్యమున్నదా?"

"నేనున్నానండీ!" అంది లోవమ్మ. "ఆ బాబు ఊఁ అంటాడు. ఈ పిల్ల నా చెయ్యి పట్టుకుని తెర కేసి చూత్తది. ఆయన చాలంటేనే నా చెయ్యి నాకొత్తది. మునుపు తొరగా వచ్చేదండీ. ఈ మధ్య తిమ్మిరెక్కిపోతంది. పరీచ్చగా చేయిత్తే ఏం తెలుత్తుంది? రోజూ చేసినట్టే చెయ్యమనండి. ముందర ఓ మాట అనుకుంటారు ఇద్దరూ."

"ఏ మాట?"

పెంకుల మీద వాన మోత పెరిగింది.

"ఆ మాట పలికి, నిత్యము చేయునట్లే చేయుడు," అంది దొరసాని. ఆమె గడియారం మళ్లీ చేతిలోకి వచ్చింది.

తెర వెనుకనుంచి చిన్న గొంతు వినిపించింది.

"గడియారం వచ్చిందాండీ?"

"రాలేదండీ," అన్నాడు ఆశీర్వాదం. రోజూ అక్కడితో ఆగేవాడు. ఈసారి ఆగలేకపోయాడు. "మీకు అంత తొందరగా ఉందా అండీ?"

"తొందరా? నాకా?" గొంతులో కోపం, దాని కింద మరేదో. "మీ నోట రాలేదనే మాట వినడానికే రోజూ అడుగుతున్నానండీ. వినకపోతే ఆ పూట పని సాగదు."

ఆశీర్వాదం బల్ల అంచు పట్టుకున్నాడు. ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. అలవాటుకొద్దీ నోటినుంచి "ఊఁ" వెలువడింది. ముల్లు కదిలింది. పది, ఇరవై, ముప్పై. ముప్పై దాటింది. అతను ముల్లునే చూస్తున్నాడు గాని, అతనికి అది కనబడడం లేదు. నలభై. చిట్టియ్య గారు కలం బల్ల మీద పెట్టేశారు. యాభై. దొరసాని కనుబొమలు నుదుటి పైకి పోయాయి.

"బాబూ, చాలనండి!" అని లోవమ్మ కేకేసింది. "చెయ్యి ఊడొచ్చేలాగుంది!"

"చాలు! చాలండీ!"

"డెబ్బై," అంది సంపూర్ణమ్మ, మాట తడబడుతూ.

"ఏబదియైదు సెకన్లు," అంది దొరసాని. "రెట్టింపు చేసిన నూటనలుబది. ఇట్టి నాడి గల స్త్రీ ఇంతటి కేక వేయజాలదు." జిల్లా సర్జనుకు రాసిన జాబును తీసి, నిలువునా చింపింది. "గంగయ్యా, నీ భార్యను తీసికొనిపొమ్ము. చేపల పులుసు పెట్టుము."

"కారణం అన్నచోట ఏం రాయమంటారండీ?" అన్నారు చిట్టియ్య గారు.

దొరసాని కొంత ఆలోచించింది. "'చాలు' అను మాట పలుకుటలో జాప్యము. అంతకంటె వలదు. ఆశీర్వాదము క్షమాపణ పత్రము వ్రాయవలెను. కోరుకొండకు అతడే పోవును. కప్పిపుచ్చని మనుష్యుడు అచ్చట అవసరము."

చిట్టియ్య గారు ఆ వాక్యాన్ని రాసి, అద్దుడు కాగితంతో అద్ది, కళ్లద్దాలు తీసి ఆశీర్వాదం వైపు తిరిగారు.

"కోరుకొండ ఒంటరిగా వెళ్తారా బాబూ?"

"మీరూ మీ అమ్మాయీ ఒప్పుకుంటే, కాదండీ."

"దాన్ని అడిగారా?"

"ఇంకా లేదండీ."

"పద్నాలుగు నెలలనుంచీ ఏం చేస్తున్నారు మరి?"

"నాడి చూస్తున్నామండీ."

గంగయ్య పకపకా నవ్వాడు. చిట్టియ్య గారు నవ్వలేదు. కాని ఆయన మీసం కొద్దిగా కదిలింది. "అడగండి," అన్నారు. "నా ఎదుటే."

ఆశీర్వాదం తెర దగ్గరకు నడిచాడు. అరడజను మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ మిగల్లేదు. "సంపూర్ణమ్మగారూ," అన్నాడు, అంతే.

తెర పక్కకు తొలగింది. ఆమె గుమ్మంలో నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం బిగించుకుంది.

"కోరుకొండలో ఆడవాళ్ల నాడి ఎవరు చూస్తారండీ?"

"ఎవరూ లేరండీ."

"ఎవరూ లేకపోతే ఎలాగండీ? మగవాళ్ల నాడి ఒక్కటే చూసుకుంటూ కూర్చుంటారా? నేను రావలసిందే గదా," అని తండ్రి వైపు చూసింది. "ఏం నాన్నా?"

చిట్టియ్య గారు కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఎంతసేపు తుడిచినా అవి తేటపడలేదు. "రావలసిందేనమ్మా," అన్నారు చివరికి. "ఆసుపత్రి పని ఆగకూడదు."

"కోరుకొండకు గడియారము ఒక్కటియే ఈయగలను," అంది దొరసాని. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. "ఇచ్చటికి మరియొక సహాయకురాలిని వెదకుట నా కర్మము," అని గొణుగుతూ లోపలికి వెళ్లిపోయింది.

చిట్టియ్య గారు కొత్త కాగితం తీశారు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో సంఘం ఎదుట చదవవలసిన ప్రకటన అది. వధువు పేరు రాసేటప్పుడు మాత్రం ఆయన అక్షరం కొంచెం వంకరపోయింది. ఆశీర్వాదం ఇంగ్లీషులో సంతకం చేశాడు. అది చూసి సంపూర్ణమ్మ కూడా, నేర్చుకున్న ఇంగ్లీషును వృథా పోనివ్వకుండా, ఒక్కొక్క అక్షరం దిద్దుతూ తన పేరు రాసింది. సాక్షుల చోట లోవమ్మ ఒక గీత గీసింది. ఆ గీత వంకరగా ఉందని వెక్కిరించి, గంగయ్య అంతకంటె వంకరగా గీశాడు.

"చదవడానికి ఆదివారం దాకా ఆగాలాండీ?" అన్నాడు ఆశీర్వాదం.

"ఆగాలి," అన్నారు చిట్టియ్య గారు. సిరా ఆరేదాకా కాగితం మీద ఊదారు. నాలుగు మడతలు పెట్టారు. వాన చినుకు తగలకుండా ఉత్తరీయం చాటున పట్టుకొని, తన రేకుపెట్టెలో అడుగున పెట్టి తాళం వేశారు.