మరక లేని బూటు

తిరుపతిలో డిటెక్టివ్ యతిరాజులు గారింటి వసారాలో అడుగుపెట్టగానే గంగులమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. పూతలపట్టు దగ్గర పల్లెలో కూలికి పోయే మనిషి ఆమె. వెంట కుంటుకుంటూ వచ్చిన కూతురు మునిరత్నమ్మకు పదిహేడేళ్లు. నాలుగువందల మీటర్ల పరుగులో ఆ పిల్లను అందుకునే ఆడపిల్ల చిత్తూరు జిల్లాలోనే లేదు.

"సామీ, నా బిడ్డను దొంగను చేసినారు," అంది గంగులమ్మ.

జరిగిందంతా పిల్లే చెప్పింది. తిరుపతిలో జరుగుతున్న జిల్లా పోటీలకు మద్రాసు నుంచి చిరుత షూస్ అనే కంపెనీ వాళ్లు వచ్చి, బాగా పరిగెత్తే పిల్లలకు మేకుల బూట్లు ఊరికే ఇచ్చారు. అవి వేసుకుని ఫోటో దిగితే చాలన్నారు. నిన్న మొదటి పందెంలో మలుపు దగ్గర ఎడమకాలి బూటు అడుగు ఊడి వేలాడింది. పిల్ల బోర్లా పడింది. అయినా లేచి, మూడోదానిగా గీత దాటి ఫైనల్‌కు చేరింది. సాయంత్రానికల్లా కంపెనీ మనిషి జయరావు ఒక బూటు పట్టుకొచ్చి, దాన్ని బ్లేడుతో కోసింది ఈ పిల్లేననీ, ఇంకో కంపెనీ వాళ్లు చేయించారనీ ఫిర్యాదు చేశాడు. రేపటి ఫైనల్లో ఆమె పేరు కొట్టేశారు. ఫైనల్ లేకపోతే రాష్ట్ర జట్టులో చోటు లేదు, హైదరాబాదు స్పోర్ట్స్ హాస్టల్లో సీటూ లేదు.

"ఎంత అన్యాయమండీ!" అసిస్టెంటు ముకుందం ఉండబట్టలేకపోయాడు. "పడింది పిల్ల, మోకాలు చీరుకుపోయింది పిల్లకు, నింద కూడా పిల్లకేనా?"

యతిరాజులు ఆ అమ్మాయి ఎడమకాలివంక చూస్తున్నాడు. తెల్ల మేజోడు మీద చీలమండ దగ్గర పసుపుపచ్చటి మరకలు, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉన్నాయి.

"ఇది నిన్న వేసుకున్నదేనామ్మా?"

"అవును సార్. ఇంకో జత లేదు."

"పరుగుకు ముందు బూట్లకేమన్నా చేసినారా?"

గంగులమ్మ తలొంచుకుంది. "ఏమీ చేయలేదు సార్," అంది మునిరత్నమ్మ తొందరగా.

ఆయన మళ్లీ అడగలేదు. ముకుందాన్ని వెంటబెట్టుకుని మైదానానికి బయల్దేరాడు.

పోటీల సంఘం కార్యదర్శి వేంకటాచలపతి మంచివాడే, కాకపోతే ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల మాట వినే రకం. "రుజువు కళ్లముందు ఉండాది, నన్నేం చేయమంటావప్పా?" అంటూ బల్లమీది బూటు చూపించాడు. తెల్లటి గుడ్డబూటు, దానికి కాస్త ఎర్రమట్టి, సగం దాకా తెగిన అడుగు. పక్కన జయరావు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఆ పిల్ల కాలినుంచి బూటు తీసిందెవరు?" అడిగాడు యతిరాజులు.

"నేనే."

"తర్వాత ఎవరన్నా తాకినారా?"

"తాకనిస్తానా? వెంటనే మా పెట్టెలో పెట్టి తాళం వేశాను."

"తుడిచినారా, కడిగినారా?"

"ఎందుకండీ? కాలినుంచి తీసింది తీసినట్టే ఉంది."

"అడుగు గట్టిగానే అతికిస్తారా?"

"గమ్ము, దానిపైన కుట్టు. ఎద్దులు కట్టి లాగినా రాదు. హాస్టళ్లన్నిటికీ మా బూట్లే తీసుకోబోతున్నారు తెలుసా?"

యతిరాజులు బూటు తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. ముకుందం బిత్తరపోయాడు. "సాయంత్రం అందరూ ఈడే ఉండండి," అని చెప్పి ఆయన లేచాడు.

సాయంత్రం తల్లీకూతుళ్లు కూడా వచ్చారు. యతిరాజులు గంగులమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, కొత్త లారీ రోడ్డెక్కే ముందు చక్రం కింద ఏం పెడతారు?"

గంగులమ్మ భోరుమంది. "నిమ్మకాయ సామీ! నేనే సెడగొట్టినాను! అంత మంచి బూట్లు నా బిడ్డ కాలికి ఎప్పుడూ సూడలేదు. దిష్టి తగలకూడదని నిమ్మకాయకు పసుపూ కుంకుమా పూసి తొక్కమన్నాను. మేకులు దిగి రసమంతా బూటుమీదికి సిమ్మింది. ఆ పులుపుకే గమ్ము కరిగిపోయినట్టుండాది!"

"చెప్పొద్దంటి కదమ్మా!" అంది మునిరత్నమ్మ. తల్లిమీదికి మాట రాకూడదని, చేయని నేరం నెత్తినేసుకుని నోరు మూసుకుంది పిచ్చిపిల్ల!

"ఒక్క నిమ్మకాయకు ఊడిపోయే బూటు బూటే కాదు," అన్నాడు యతిరాజులు. "చలపతీ, ఆ మేజోడు చూడు. పసుపు మరక గుడ్డను పట్టిందంటే ఉతికినా వదలదు. మరి ఈ బూటుమీద ఆ మరక యాడ?"

అందరూ బల్లమీదికి వంగారు. మట్టే తప్ప పసుపు రవ్వంత కూడా లేదు.

"మట్టిలో పోయుంటుంది," అన్నాడు జయరావు.

"తీసింది తీసినట్టే ఉందని మీరే అన్నారు కదా. ఇది ఆ పిల్ల వేసుకున్న బూటు కాదు. అసలుది మీ పెట్టెలో ఉండాల. తెరవండి."

జయరావు కదల్లేదు. కార్యదర్శి మొదటిసారిగా గొంతు పెంచి తాళం తీయించాడు. అడుగున కాగితంలో చుట్టి దొరికింది పచ్చమరకల బూటు. అడుగు ఊడి వేలాడుతోంది. బ్లేడు గాటు లేదు, కుట్టన్నది అసలే లేదు. అంచులమ్మట అక్కడక్కడా గమ్ము చుక్కలు అద్దారంతే.

"దీన్ని కోసినా లాభం లేదు, కుట్టు లేదని చూసినవాడికల్లా తెలిసిపోతుంది," అన్నాడు యతిరాజులు. "అందుకే చూపించడానికి తెచ్చిన మంచి బూటును కోసి, మట్టి పూసి తెచ్చినాడు. దుకాణంలో చూపించేదొక రకం, పేదపిల్లల కాళ్లకు తొడిగేదొక రకం! ఈ సంగతి బయటపడితే హాస్టళ్ల బేరం పోతుంది. ఆ భయానికి ఒక ఆడపిల్ల బతుకు తొక్కేయడానికి సిద్ధపడినాడు. సిగ్గు లేదటయ్యా నీకు?"

ఎప్పుడూ గొంతు పెంచని మనిషి అంత అరుపు అరవడం ముకుందం చూడటం అదే మొదటిసారి.

వేంకటాచలపతి లేచి నిలబడ్డాడు. "తప్పు నాది తల్లీ. రేపు పొద్దున ఫైనల్లో నువ్వు పరిగెత్తుతావు."

"పోనీ ఇంకో మంచి జత ఇస్తాం, సంగతి ఇక్కడితో వదిలేద్దాం," అని నసిగాడు జయరావు.

గంగులమ్మ కళ్లు తుడుచుకుని జయరావు ముందుకు వచ్చింది.

"నీ బూట్లు నువ్వే ఏసుకో! నా బిడ్డను నా చేతుల్తో నేనే పడదోసినానని నిన్నటి నుంచి కుమిలిపోతా ఉండాను. మెతుకు గొంతు దిగలా. తల్లిచేత అట్లాంటి మాట అనిపించినావు గదరా, నువ్వు మనిషివేనా?"

జయరావు నల్లకళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

మునిరత్నమ్మ తల్లి భుజం పట్టుకుంది.

"పదమ్మా, ముందు అన్నం తిందువు."